నా ఇత్తడి ఇంజన్‌కు ఇంటి బీమా: కర్నూల్లో మూడేళ్ల అనుభవం, ఒక క్లెయిము

రైలింజన్లు, భవనాల లాంటివాటికి చిన్న నమూనాలు, అంటే మోడల్స్, చేత్తో చేసేవాళ్లు మన కర్నూల్లో ఎంతమంది ఉన్నారో గానీ, నాకు తెలిసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: ఇవి పాడైతే బీమా కింద ఎవరైనా లెక్క (డబ్బు) ఇస్తారా? ఇస్తారు. నాకు ఇచ్చారు. ఒకదానికి బాగానే ఇచ్చారు, ఇంకోదానికి ఇచ్చింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పదు. రెండూ ఒకే రోజు, ఒకే షోకేసులో, ఒకే నీళ్లకు తడిసినవే. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

కంపెనీ పేరు, ఏజెంటు పేరు రాయను. రాయాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే నేను తీసుకున్నది భారత్ గృహ రక్ష పాలసీ. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) 2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో అమ్మాలని పెట్టిన ఇంటి బీమా ఇది. ఎవరి దగ్గర కొన్నా అసలు షరతులు అవే. ప్రీమియం, బ్రాంచిలో మనతో మాట్లాడే తీరు, క్లెయిము అప్పుడు స్పందించే వేగం, ఇవే మారేవి.

ముందు నా దగ్గర ఏమున్నాయో చెప్తాను. మా నాన్న డోన్‌లో రైల్వే ఉద్యోగం చేశారు, సికింద్రాబాద్ నుంచి కర్నూలు మీదుగా డోన్‌కు మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు దూరం) బండ్లు నడిచిన రోజుల్లో. చిన్నప్పుడు చూసిన ఆ ఆవిరి ఇంజన్లు నా తలలోంచి పోలేదు. అందుకే వైపీ ఇంజన్ (ఆ మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లలో ఒక రకం) చేశాను, 1:32 స్కేల్‌లో, అంటే అసలుదానిలో 32వ వంతు సైజులో. మీటర్ గేజ్‌ను ఆ స్కేల్‌కు తెస్తే పట్టాల మధ్య దూరం 31 మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది కాబట్టి 32 మిల్లీమీటర్ల మోడల్ ట్రాకు మీద చక్కగా కూర్చుంటుంది. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. పెద్ద చక్రం ఒక్కోటి 43 మిల్లీమీటర్లు, తెలిసినాయన లేతు మిషన్ మీద తీయించాను. బాయిలర్ లోపల టేకు దుంగ, పైన ఇత్తడి రేకు, రేకు మీద వరసగా చిన్న చిన్న రివెట్లు. ఆ రివెట్లు రేకు వెనక నుంచి సూదిమొనతో ఒక్కొక్కటే ఒత్తినవి. ఒక్కటి వంకర పోయినా రేకు మార్చాల్సిందే, నాలుగు రేకులు అట్లా మార్చాను. ఈ ఇంజన్ కాక రెండు బోగీలు, ఒక చిన్న స్టేషన్ భవనం, తర్వాత చేసిన ఒక టేకు రథం.

బీమా ఆలోచన ఊరికే రాలేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. కట్టుబట్టలతో మిద్దెలెక్కి బతికిన రోజులవి, ఆ సంగతి కర్నూలువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు తీసినాక ఇంటికొస్తే గోడల మీద బురద గీత నా తల కంటే పైన ఉంది. అప్పటికి నేను చేసిన కొండారెడ్డి బురుజు మోడల్, అగ్గిపుల్లలతో రెండేళ్లు చేసింది, బురదలో ముద్దగా దొరికింది. ప్రాణాలు పోయిన ఇళ్లున్న ఊళ్లో మోడల్ గురించి ఏడవడం తప్పనిపించి ఎవరికీ చెప్పలేదు. అయినా ఆ నష్టం నష్టమే. మళ్లీ పనిముట్లు పట్టుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

2022 జూన్‌లో పాలసీ తీసుకున్నాను. ఇప్పుడు మేముండేది కల్లూరు వైపు, సొంత ఇల్లు. ఇంటికొచ్చిన ఏజెంటు షోకేసు చూసి, "ఇవి బొమ్మలే కదన్నా, వీటికి ఎవరిస్తారు లెక్క? ఇంట్లో సామాన్లలో కలిసిపోతాయిలే" అన్నాడు. మనిషి మంచివాడే, కావాలని మోసం చేసే రకం కాదు. కానీ ఆ "కలిసిపోతాయిలే" అన్న మాట దగ్గరే జాగ్రత్త పడాలి. ఎందుకో చూడండి.

ఈ పాలసీలో ఇంటికి ఎంత బీమా చేస్తామో అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామాన్లకు దానంతట అదే వస్తుంది. నేను ఇంటికి 20 లక్షలు రాయించాను కాబట్టి సామాన్లకు 4 లక్షలు వచ్చాయి. మంచం, టీవీ, ఫ్రిజ్, బట్టలు అన్నీ అందులోనే. ఆ లెక్కన మోడల్ కూడా సామానే, కాదనరు. కానీ సామాను పాడైతే అలాంటిదే ఇంకోటి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు చూస్తారు. ఫ్రిజ్ అయితే షోరూంలో ధర ఉంటుంది. నా ఇంజన్‌కు షోరూం ఏది? బిల్లులు చూపించమంటే ఇత్తడి రేకు, టేకు ముక్కలు, చిన్న మోటారు, రంగులు, అన్నీ కలిపి ఆరు వేల పైచిలుకు. అదే దాని విలువ అంటారు.

అదే పాలసీలో విడిగా ఇంకో కవరు (బీమా రక్షణ) ఉంది, విలువైన వస్తువులకు. నగలు, వెండి, పెయింటింగులు, కళాఖండాలు, పాతకాలం వస్తువులు, ఇంకా వాటి వంటివి అని ఉంటుంది. దీనికి కొంచెం ప్రీమియం అదనం. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే, వస్తువు ధర ముందే ఇద్దరం ఒప్పుకొని పాలసీ షెడ్యూల్లో, అంటే పాలసీకి జతచేసే వివరాల పట్టికలో, రాసుకుంటాం. వస్తువు పూర్తిగా పోతే ఆ ఒప్పుకున్న ధర ఇస్తారు, పాక్షికంగా పాడైతే బాగుచేసే ఖర్చు ఇస్తారు. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కూడా అడగరు. మనలాంటివాళ్లలో చాలామందికి ఈ హద్దు సరిపోతుంది.

నా మోడల్స్‌ను ఈ కవరులో కళాఖండాలుగా రాయమన్నాను. ఏజెంటు రెండుసార్లు వద్దన్నాడు, బ్రాంచిలో ఒప్పుకోరన్నాడు. నేనే బ్రాంచికి పోయాను. అక్కడ మేడం ఒకరు ఓపిగ్గా విన్నారు, ఆమెకు నిజంగా రుణపడి ఉన్నాను. "ధర ఏ లెక్కన వేశారు సార్?" అని అడిగారు. దానికి నా దగ్గర సమాధానం ఉంది. 2021లో ఒక బోగీ హైదరాబాద్ ఆయనకు 18,000కు అమ్మాను, డబ్బు బ్యాంకులో పడింది, ఎంట్రీ ఉంది. ఆ బోగీకి 160 గంటలు పట్టింది, నోట్‌బుక్‌లో రోజువారీ రాసుకుంటాను. అంటే గంటకు 112 రూపాయల 50 పైసలు. ఇంజన్‌కు 400 గంటలు పట్టింది కాబట్టి 45,000. బోగీలు రెండూ 36,000. స్టేషన్ 200 గంటలు, 22,500. మొత్తం 1,03,500. ఈ లెక్కంతా ఒక తెల్లకాగితం మీద రాసి, నోట్‌బుక్ జిరాక్సు, ఫోటోలు, బ్యాంకు ఎంట్రీ జతచేసి ఇచ్చాను. పది రోజులకు షెడ్యూల్లో నాలుగు వరుసలుగా ఎక్కి వచ్చింది. జీఎస్టీతో కలిపి ఇల్లు, సామాన్లు, ఇవీ అన్నింటికీ ఏడాదికి రెండు వేల లోపే అయింది.

ఇక క్లెయిము. 2024 ఆగస్టులో ఒక రాత్రి మిద్దె పైన ట్యాంకు నుంచి దిగే పైపు జాయింటు దగ్గర పగిలింది. మేం ఆదోనిలో పెళ్లికి పోయాం. తెల్లారి తలుపు తీసేసరికి హాలంతా నీళ్లు, షోకేసు నెత్తిన స్లాబు నుంచి సన్నగా ధార. షోకేసు పైపలక ఉబ్బి, లోపలికి వంగి, సరిగ్గా పై రెండు అరల మీద నీళ్లు పోస్తోంది. పై అరలో రథం, కింద అరలో ఇంజన్.

ఆ రథం 2023లో మొదలుపెట్టి ఏడు నెలలు చేశాను. మా వీధి గుడి రథం చూసి చేసిందే. నాలుగు చక్రాలు, ఒక్కో చక్రంలో పన్నెండు ఆకులు, ఏ ఆకూ మేకు లేకుండా గాడిలో దిగేలా చెక్కినవి. చేతిలోకి తీసుకుంటే చక్రం మెత్తగా తగిలింది. కింద పలకకు మాత్రం ప్లైవుడ్ వాడాను, అదే ముందు విచ్చుకుంది, పొరలు పొరలుగా, తడిసిన పుస్తకంలా. అది ఉబ్బేసరికి పైనున్న టేకు స్తంభాలు గాడుల్లోంచి ఊడి, రెండు చీలిపోయాయి. ఎండబెడితే తిరిగి వస్తుందేమోనని ఒక రోజు చూశాను. రాలేదు. ఇంజన్‌కు ఇత్తడి ఉంది కాబట్టి బతికింది, కానీ లోపలి దుంగ నీళ్లు తాగి లావెక్కి రేకు అతుకును తెంచింది, రంగు పొట్టులేచింది, మోటారు పోయింది.

ట్యాంకులు, పైపులు పగిలి నీళ్లు పొంగడం ఈ పాలసీలో కవరయ్యే వాటిలో ఉంది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను, మెయిల్ కూడా పెట్టాను. ఏదీ కదపకముందే వీడియో తీశాను, పగిలిన పైపు ముక్కను దాచిపెట్టాను. మూడో రోజు కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయరు వచ్చారు. పెద్దాయన, మర్యాదస్తుడు. రథం చక్రం ఒకటి అరచేతిలో పెట్టుకొని చాలాసేపు తిప్పి చూశారు.

"బయట కొంటే ఎంతుంటుందండీ ఇది?"

"బయట దొరకదు సార్, నేనే చేసింది."

"దొరకనిదానికి ధర ఎట్లా కట్టమంటారు మరి? షెడ్యూల్లో ఉందా?"

లేదు. 2023, 2024 రెన్యువల్స్ ఫోన్‌లోనే కట్టేశాను, పాత షెడ్యూల్ అట్లాగే ముందుకు నడిచింది. రథం పూర్తయింది 2023 డిసెంబరులో, దాన్ని చేర్పించలేదు. మధ్యలో కూడా ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు కోరే అర్జీ) పెట్టి చేర్పించుకోవచ్చని నాకు తెలిసింది ఆయన చెప్తేనే.

ఇంజన్ దగ్గర మాత్రం వాదన నిలబడింది. ఆయన ముందు ముడిసరుకు ఖర్చు 3,275 మాత్రమే రాశారు, నా చేతిపనికి కూలి ఇవ్వరన్నారు. నేను 2022లో ఇచ్చిన లెక్క కాగితం తీసి చూపించాను. ఒప్పుకున్న ధరే గంటల మీద కట్టింది, అది మీ కంపెనీ స్టాంపు వేసి తీసుకున్న కాగితం, మరి బాగుచేసే గంటలకు లెక్క ఎందుకు ఉండదు సార్ అని అడిగాను. ఆయన కాగితం ఫోటో తీసుకున్నారు. వారం తర్వాత 90 గంటలకు అదే రేటు వేసి 10,125, ముడిసరుకు 3,275, మొత్తం 13,400 రిపోర్టులో రాశారు, అంతా వచ్చింది. రథం మామూలు సామాన్ల కింద పోయింది. నా దగ్గర బిల్లులున్నది 2,950కి, ఆ 2,950 ఇచ్చారు. ఏడు నెలల సాయంత్రాలకు సున్నా. రెండు మొత్తాలూ కలిపి ఖాతాలో పడటానికి 47 రోజులు పట్టింది, మధ్యలో నాలుగుసార్లు బ్రాంచికి తిరిగాను, రెండుసార్లు ఒకే కాగితం మళ్లీ అడిగారు.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. షెడ్యూల్లో లేదు కాబట్టి ఇంతే అని జవాబు వచ్చింది. జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో రాకపోయినా హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) దగ్గరికి పోవచ్చు, మన ఆంధ్రకూ తెలంగాణకూ ఆ ఆఫీసే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. రథం విషయంలో నేను పోలేదు, కాగితం ప్రకారం వాళ్లదే కరెక్టు. కానీ ఒక మాట గట్టిగా అంటాను. విలువైన వస్తువుల కవరు ఉన్నవాళ్లకు రెన్యువల్ అప్పుడు "కొత్తవి ఏమైనా చేర్చాలా" అని ఒక్క వరుస అడగడం ఏ కంపెనీకీ బరువు కాదు. చేత్తో చేసేవాడి ఇంట్లో ఏటా కొత్తది పుడుతుంది, అది తెలిసే కదా ఈ కవరు అమ్మింది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. నక్షలు, డ్రాయింగులు, రాతప్రతులు, డాక్యుమెంట్లు ఈ పాలసీలో విడిగా రాయించుకోకపోతే కవరు కావు. నా ఇంజన్ డ్రాయింగులు 22 షీట్లు షోకేసు కింది సొరుగులో ఉన్నాయి, 9 తడిసి సిరా కరిగిపోయింది. వాటికి పైసా రాలేదు. మిగిలినవన్నీ మరుసటి వారమే స్కాన్ చేయించి రెండు చోట్ల పెట్టాను. మీరు డ్రాయింగులు గీసేవాళ్లయితే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

కవరు కాని సంగతులు ఇంకా ఉన్నాయి. వరద, తుఫాను, మంటలు, పిడుగు, భూకంపం అన్నీ ఉన్నాయి, మన ఊరికి వరద ఉండటమే పెద్ద ధైర్యం. కానీ దొంగతనం మామూలుగా లేదు, పై ప్రమాదాల్లో ఏదో జరిగి, దాని మూలంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఇస్తారు. ఊరికే తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే దానికి వేరే కవరు తీసుకోవాలి, నేను ఈ ఏడాది తీసుకున్నాను. చేయి జారి కింద పడితే రాదు. చుట్టాల పిల్లలు బోగీ లాగి చక్రం విరిచినా రాదు. చెదలు, ఎలుకలు, పాతబడటం వల్ల వచ్చే నష్టం లేదు. మన ఎండకు మే నెలలో జిగురు విడిపోవడం నాకు ఏటా ఉన్నదే, అది కూడా ఇందులోకి రాదు, దానికి షోకేసును పడమటి గోడ నుంచి తీసేయడమే మందు. అనంతపురంలోనో కడపలోనో ప్రదర్శనకు తీసుకుపోయేటప్పుడు కూడా ఇంటి పాలసీని నమ్ముకోవద్దు, దారికి వేరే ట్రాన్సిట్ కవరు అడగాలి. లారీ పార్సిల్‌లో వేసేముందు రసీదు వెనక సన్న అక్షరాలు చదవండి. విలువ ముందుగా ప్రకటించకపోతే రోడ్డు రవాణా నిబంధనల ప్రకారం వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. 300 రూపాయల కిరాయి కట్టి 45,000 ఇంజన్ పంపితే 3,000 దగ్గరే ఆగుతుందన్నమాట. నేనైతే బస్సులో ఒళ్లో పెట్టుకొనే పోతాను.

మార్కులు వేయమంటే పాలసీకి ఐదుకు నాలుగు వేస్తాను. రెండు వేల లోపు ప్రీమియంతో ఒప్పుకున్న ధరకు బీమా దొరకడం చేతిపనివాళ్లకు నిజంగా మంచి అవకాశం, ఇంట్లో నీళ్లు కారిన రాత్రి నుంచి ఆ మాటను మరింత నమ్ముతున్నాను. బ్రాంచి సేవకు మూడు, అందులో రెండు ఆ మేడంకే. రెన్యువల్ పద్ధతికి ఒకటి కంటే ఎక్కువ వేయలేను. ఏజెంటుకు ఈమధ్య షెడ్యూల్ తీసి వరుస వరుసా చూపించి మాట్లాడాను. ఇప్పుడు వేరే కస్టమర్ల దగ్గరికి పోయినప్పుడు కూడా "ఇంట్లో చేత్తో చేసినవి ఏమైనా ఉన్నాయా" అని అడుగుతున్నాడట, ఆ మాట విని చాలా సంతోషమేసింది.

ఇంజన్ జనవరికల్లా మళ్లీ నిలబడింది, ఈసారి లోపల దుంగకు రెండు పూతలు వార్నిష్ వేసి. షోకేసు పైపు లేని గోడకు మారింది. రథం మళ్లీ మొదలుపెట్టాను, కింద ప్లైవుడ్ లేకుండా అంతా టేకుతోనే. ప్రస్తుతానికి మూడు చక్రాలు అయ్యాయి, 118 గంటలు. ప్రతి ఆదివారం రాత్రి ఆ వారం గంటలు, బిల్లులు, రెండు ఫోటోలు ఒక మెయిల్‌లో పెట్టి నాకు నేనే పంపుకుంటున్నాను. నాలుగో చక్రం దిగిన రోజే ఎండార్స్‌మెంట్ ఫారం తీసుకొని బ్రాంచికి పోతాను.